అవిసె నూనె మామ

ప్రతి బంధువర్గంలోనూ ఇలాంటి మనిషి ఒకడుంటాడు. కూతురికి సంబంధం ఒక్క పూటలో ఖాయం చేసేస్తాడు, నూనె సీసా కొనడానికి మాత్రం ఆర్నెల్లు ఆలోచిస్తాడు. మా వైపు ఆ పదవి ఆదిలాబాద్ మామది. మెడికల్ షాపులో అందరూ సీసా ముందువైపు బొమ్మ చూసి డబ్బులు తీస్తారు. మామ సీసాను తిప్పి వెనకవైపు నుంచి మొదలుపెడతాడు. అక్షరాలు కనిపించకపోతే కళ్లజోడు నుదుటికెక్కించి, ఫోన్‌తో ఫొటో తీసి, దాన్ని రెండు వేళ్లతో సాగదీసి చదువుతాడు. వెనకాల దగ్గు మందుకొచ్చినవాడు దగ్గుతూనే ఉంటాడు.

రిటైరైన ఏడాది రక్తపరీక్షలో ట్రైగ్లిసరైడ్లు కాస్త ఎక్కువగా కనిపించాయి. డాక్టరు నడవమన్నాడు, అన్నం తగ్గించమన్నాడు. పార్కులో కలిసిన ఒక పెద్దమనిషి అవిసె నూనె తాగమన్నాడు. మూడింటిలో మామకు ఏది నచ్చిందో చెప్పనక్కరలేదు. నడకకు లేబుల్ ఉండదు కదా.

నిజం చెప్పాలంటే మామ అడిగే ప్రశ్నల్లో తప్పులేదు. ఆయనతో వచ్చిన చిక్కే అది. షాపు కుర్రాడు "ఇంకా ఏడాదిన్నర పనికొస్తది సార్" అంటాడు. మామ తల అడ్డంగా ఊపుతాడు. "ఎప్పటిదాంక పనికొస్తదని అడుగుతలేను బిడ్డా, ఎప్పుడు పిండిన్రని అడుగుతున్న." అవిసె నూనె మిగతా నూనెల్లా ఓపికగా కూర్చునేది కాదు. అందులో సగానికి పైగా ఉండే ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లంలో మూడు జంట బంధాలుంటాయి. గాలిలోని ఆక్సిజన్‌కు అవి ఇట్టే లొంగిపోతాయి. వెలుతురు, వేడి దానికి తోడు. అందుకే వేడి చేయకుండా పిండాలి, ముదురు రంగు గాజు సీసాలో పోయాలి, మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టి కొన్ని వారాల్లో ముగించాలి, పోపుకు వాడకూడదు. ఇవన్నీ మామకు కంఠోపాఠం. సీసా నిజంగా ముదురు రంగుదేనా అని ఎండకెత్తి చాలాసేపు చూస్తాడు. సీసాకు ఎండ తగలకూడదని చెప్పేదీ ఆయనే.

"పెరాక్సైడ్ విలువ ఎంత?" అని ఒకసారి కౌంటర్లో అడిగాడు. నూనె ఎంతవరకు ఆక్సీకరణం చెందిందో తెలిపే కొలత అది. కుర్రాడు కంప్యూటర్లో వెతికి, "ఎమ్మార్పీ మీద పది శాతం తగ్గిస్తం సార్" అన్నాడు. తృప్తి కలగక మామ సీసా మీదున్న కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాడు. బ్యాచ్ పరీక్ష రిపోర్టు పంపమన్నాడు. అటువైపు అమ్మాయి మర్యాదగా ఆర్డర్ నంబరు అడిగింది. "ఆర్డరా? ఇంకా కొనలేదమ్మా, చూస్తున్న" అన్నాడు మామ. ఆ సంభాషణ ముప్పావుగంట సాగిందని అత్తమ్మ చెబుతుంది. చివరకు ఆ అమ్మాయి తన తల్లి మోకాళ్ల నొప్పులకు ఏ నూనె మంచిదో మామనే అడిగిందట.

అవిసె నూనె గోళీల కథ వేరు. వెయ్యి మిల్లీగ్రాముల గోళీ అని ముందు పెద్దక్షరాలతో ఉంటుంది. అది నూనె బరువు. అందులో అసలు సరుకు, అంటే ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లమనే ఒమేగా-3, సగానికి కాస్త పైన మాత్రమే. అమెరికా వాళ్ల పోషకాహార లెక్క ప్రకారం మగవాళ్లకు రోజుకు 1.6 గ్రాములు, ఆడవాళ్లకు 1.1 గ్రాములు చాలు. ఆ లెక్కన మామ రోజుకు మూడు గోళీలు మింగాలి. అదే ఒక టీ స్పూను నూనె తాగితే రెండు గ్రాములు దాటుతుంది. మామ ఈ లెక్క మందుల చీటీ వెనక వేసి, గోళీకింత, స్పూనుకింత అని ధర కూడా కట్టి, షాపు యజమానికే చూపించాడు. ఆయన ఇంకో కంపెనీ డబ్బా తీశాడు. మామ ఆకుపచ్చ చుక్క కోసం వెతికాడు, దొరకలేదు. చాలా గోళీల పైపొర జిలాటిన్‌తో చేస్తారు, జిలాటిన్ పశువుల తోళ్లు, ఎముకల నుంచి తీస్తారు. "అవిసె గింజ తిందామని వస్తే ఎముక తినిపిస్తవా?" అని మామ ధర్మాగ్రహంతో బయటికొచ్చాడు.

"ఒమేగా 3-6-9" అని రాసున్న డబ్బాలంటే మామకు మరీ మంట. తొమ్మిదిని ఒళ్లే తయారు చేసుకుంటుంది, ఆరు మన పొద్దుతిరుగుడు నూనెలో పొంగిపొర్లుతోంది, ఉన్నదానికే మళ్లీ డబ్బు కట్టడం దేనికి అంటాడు. ఈ మాటకు నేను కూడా చప్పట్లు కొడతాను. కానీ ఆయన బావమరిది ఎదురైతే మాత్రం మామ గొంతు తగ్గుతుంది. ఆ బావమరిది చేపల పులుసు మనిషి. అవిసె ఒమేగా-3 ఒంట్లోకి వెళ్లాక చేపల్లో ఉండే రకంగా మారేది చాలా కొద్దిగానే అని ఎక్కడో చదివాడు. అది నిజమే. "బావా, నువ్వు స్పూనుతో తాగేది నేను ముల్లు తీసి తింట" అంటాడు. మామ వెంటనే ఫ్రిజ్ వైపు వెళ్లి సీసా వాసన చూస్తాడు.

ఎట్టకేలకు ఒక సీసా కొన్నాడన్నమాట. కొన్నాక అసలు పరీక్షలు మొదలయ్యాయి. తాజా అవిసె నూనెకు గింజ కమ్మదనం ఉంటుంది, చెడితే చేదెక్కి వార్నిష్ వాసన వేస్తుంది. వార్నిష్ వాసన ఎలా ఉంటుందో తెలియాలని మామ హార్డ్‌వేర్ షాపుకెళ్లి తలుపులకు పూసే అవిసె నూనె డబ్బా మూత తీయించాడు. వాళ్లది త్వరగా ఆరడానికి లోహాలు కలిపిన సరుకు, నోట పెట్టకూడదు. ఆరిపోయే ఆ గుణం మాత్రం తినే నూనెలోనూ ఉంది. ఇంగ్లండులో ఫ్రెడరిక్ వాల్టన్ అనే ఆయన పెయింటు డబ్బాలో అవిసె నూనె మీద కట్టిన మీగడ చూసే లినోలియం తయారు చేసి, 1863లో పేటెంట్ తీసుకున్నాడు. గాలి తగిలితే గచ్చు మీద పరిచే షీటు అయ్యే నూనె ఇది. ఆ సంగతి తెలిసిన మామ రోజూ పొద్దున మూత తీసి, తాను వాసన చూసి, అత్తమ్మకు చూపించి, పాలవాడికీ చూపించేవాడు. పాలవాడు బాగుందన్నాడు. పాల విషయంలో కూడా ఆయన ఎప్పుడూ అదే అంటాడని మామ ఆ సాక్ష్యం కొట్టేశాడు.

తాగడం మాత్రం మొదలుపెట్టలేదు. రక్తం పలచబడే మందులతో పడదంటారు, డాక్టర్ను అడగాలన్నాడు. అది మంచి జాగ్రత్తే, కానీ మామ అలాంటి మందులేవీ వాడడు. తర్వాత అమావాస్య అడ్డొచ్చింది. అలా చూస్తుండగానే సీసా చేదెక్కింది. అప్పుడు మామ ముఖంలో కనిపించిన సంతోషం ఏ ఆరోగ్యవంతుడి ముఖంలోనూ చూడలేదు. "నేను చెప్పలే? ఇది మంచి నూనె కాదు."

మార్గశిర పున్నమికి, దత్త జయంతికి, ఇల్లంతా జీపులో మాహూర్ బయల్దేరింది. తర్వాత కొన్న సీసా కూడా బయల్దేరింది, ఐసు డబ్బాలో. కిన్వట్‌లో చాయ్ కోసం ఆగితే అందరూ చాయ్ తాగారు, మామ ఐసు ఎంత కరిగిందో చూశాడు. మాహూర్‌లో మూడు కొండలు: రేణుకమ్మది ఒకటి, దత్తుడిది ఒకటి, అనసూయమ్మది ఒకటి. మహారాష్ట్రవాళ్ల మూడున్నర శక్తిపీఠాల్లో ఇదొకటి, మనవాళ్లు అష్టాదశ పీఠాల్లో ఏకవీరికగా కొలుస్తారు. దత్తాత్రేయుడు పగలంతా ఎక్కడెక్కడ తిరిగినా రాత్రి నిద్ర మాత్రం మాహూర్‌లోనేనని నమ్మకం. ఆ రాత్రి సత్రంలో ఫ్రిజ్ లేదని తెలిశాక మా మామకే నిద్రలేదు.

రేణుకమ్మ గుడిలో ప్రసాదం దంచిన తాంబూలం. ఎర్రటి ముద్ద అరచేతిలో పెడితే మామ కళ్లకద్దుకొని నోట్లో వేసుకున్నాడు. తమలపాకు ఎప్పుడు కోశారు, సున్నం ఎక్కడిది, లైసెన్సు నంబరేది అని ఒక్క మాట అడగలేదు. అత్తమ్మ ఆయన వైపు చూస్తూనే ఉంది, ఆయన అత్తమ్మ వైపు చూడలేదు.

మధ్యాహ్నం కొండ కింద ఒక చిన్న ఖానావళిలో జొన్న భాక్రీ, పిఠ్లం, పక్కన జవస చట్నీ పెట్టారు. అంటే అవిసె గింజలు వేయించి, ఎండుమిర్చి, వెల్లుల్లి, ఉప్పు వేసి దంచిన పొడి. మామ మూడోసారి వడ్డించుకున్నాక అదేమిటో తెలిసింది. పొట్టులో ఉన్నంతకాలం గింజలో నూనె నెలల తరబడి భద్రంగా ఉంటుందని, దంచకుండా మింగితే చాలావరకు అరగకుండానే బయటికి పోతుందని, పీచూ లిగ్నాన్లూ గింజలో ఉన్నట్టు నూనెలో ఉండవని ఆయనకు మనందరికంటే బాగా తెలుసు. "కబ్ కూటా?" అని, అంటే ఎప్పుడు దంచావని, వడ్డించే ముసలమ్మను అడిగాడు. "ఆజ్ సకాళీ" అందామె, అంటే ఇవాళ పొద్దునే. ఏ కంపెనీ ఇంత సూటిగా జవాబు చెప్పలేదు. మామ మొహం వెలిగి, మళ్లీ ఆరిపోయింది. రాతపూర్వకంగా లేదు కదా.

సాయంత్రం దత్త శిఖరం దారిలో ఒక చిన్న గుడి దగ్గర అత్తమ్మ దీపం పెట్టింది. మామ చెప్పులు విప్పి వచ్చేసరికి ప్రమిద నిండుగా వెలుగుతోంది, పక్కన ఐసు డబ్బా మూత తెరిచి ఉంది.

"నువ్వుల నూనె ఇంట్లనే మరిచిన" అంది అత్తమ్మ. "గా సీసల ఉన్నదే కదా నూనె."

మేమంతా ఊపిరి బిగబట్టాం. మామ వంగి ప్రమిదలోకి చూశాడు. కళ్లజోడు నుదుటికెక్కించి మళ్లీ చూశాడు. ముక్కు దగ్గరగా పెట్టి వాసన పీల్చాడు.

"మంచి నూనెనే ఉండె" అన్నాడు. "సీస పారేయకు, బ్యాచ్ నంబరు రాసుకోవాలె."