ఉచిత పుస్తకం ఖరీదు

బడి మాన్పించి పిల్లను ఇంట్లోనే చదివిద్దామని తేల్చుకున్నాక మా ఆయన చాలా సంబరపడ్డారు, "పోనీలే, ఫీజైనా మిగుల్తుంది" అని. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆయనకు నా సంగతి పూర్తిగా తెలియదు, పాపం!

చుట్టాలకు చెప్పాల్సిన జవాబులైతే నాకు కంఠతా వచ్చు. "మరి పదో తరగతి?" అంటే, "పద్నాలుగేళ్లు నిండితే ఓపెన్ స్కూలు ఎన్‌ఐఓఎస్‌కి కట్టొచ్చు. కేంద్ర ప్రభుత్వానిదే, 1989 నుంచీ ఉంది. తెలుగులోనూ రాయొచ్చు" అని గడగడా అప్పజెప్పేదాన్ని. ఎనిమిదేళ్ల పిల్లకు రేపు పొద్దున ఏం చెబుతావమ్మా అని అత్తగారు అడిగినప్పుడే నోరు పెగిలేది కాదు.

నోరు పెగలనప్పుడు నా చెయ్యి పర్సులోకి పోతుంది. అమెరికా నుంచి పాఠ్యపుస్తకాల పెద్ద డబ్బా ఒకటి తెప్పించాను. దాని ధర ఇక్కడ రాయను, ఈ పత్రిక మా ఇంటికి కూడా వస్తుంది. లెక్కల పుస్తకం నిండా సెంట్లు, నికెళ్లు, డైములు. పిల్ల చక్కగా నేర్చుకుని, కొత్తిమీర కట్టకు ఎన్ని డైములని కూరల బండి అబ్బాయిని అడిగింది. అతను నావైపు చూసిన చూపుకు గీసి బేరమాడకుండానే డబ్బిచ్చి వచ్చేశాను.

తర్వాత పొదుపు పూనింది. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలన్నీ వాళ్ల సైట్లో ఉచితమే. మూడో తరగతికి 2024లో వచ్చిన 'మ్యాథ్స్ మేళా' దింపుకుని, పెన్‌డ్రైవ్ పట్టుకుని దర్జాగా జిరాక్స్ షాపుకెళ్లాను. బొమ్మల పుస్తకం కదా, కలర్ ప్రింటే కావాలన్నాను. పేజీ పది రూపాయలు. మొత్తం అయ్యాక స్పైరల్ బైండింగ్ కూడా చేయించి, కన్నకూతురి చదువు కోసం ఎంత తెలివిగా ఖర్చు తగ్గించానో అనుకుంటూ ఇంటికొచ్చాను. అచ్చు పుస్తకం ఖరీదు 65 రూపాయలని మా ఆయన చూపించారు. అంటే ఏడో పేజీకే దాని ధర దాటేశాను!

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ సంగతి మరోటి. పాత పుస్తకాలు చవగ్గా దొరుకుతాయని వెళ్లి, సంచి నిండా తెచ్చాను. ఇంటికొచ్చి చూస్తే పిల్లకు పనికొచ్చేవి అడుగున రెండు, పైనున్నవన్నీ నేను చదువుకునే నవలలు.

ఈలోగా అత్తగారు డబ్బు లేని సిలబస్ మొదలెట్టారు. చింతపిక్కలు పదేసి కుప్పలు పోయించి, "కుప్ప చెడగొట్టకుండా పదమూడు తియ్యవే" అన్నారు. పిల్ల కాసేపు ఆలోచించి, ఒక కుప్ప మొత్తం జరిపి, పక్క కుప్పలోంచి మూడు తీసి, "నానమ్మా, ఇది చెడిపోయింది, ఏడే మిగిలాయి" అంది. స్థానవిలువ, తీసివేత ఒక్క దెబ్బకు వచ్చేశాయి. ఇదే పాఠానికి నేను కొన్న చెక్కపూసల పెట్టెలో ఇప్పుడు మా ఆయన స్క్రూలు దాచుకుంటున్నారు.

ప్రస్తుతం మా ఇంట్లో నడుస్తున్నవి ఇవి: కొట్లో కొన్న ఆ 65 రూపాయల పుస్తకం, ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉండే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు, కథలకు ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ సైటు, తార్నాక 'మంచి పుస్తకం' వాళ్ల పుస్తకాలు, సైన్సుకు అరవింద్ గుప్తా సైటు. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో త్రిభుజం ఎందుకు కదలదో, చతురస్రం ఎందుకు ఒరిగిపోతుందో పిల్ల తనే కనిపెట్టింది. నేను బీఎస్సీ చదివీ అప్పుడే తెలుసుకున్నాను, కాకపోతే తెలిసినట్టే తలూపాను.

మీలో ఎవరికైనా ఈ ఆలోచన ఉంటే ఒక్క మాట. మొదటి నెల ఏమీ కొనకండి. పిల్ల దేని దగ్గర లేవకుండా కూర్చుంటుందో చూసి, అప్పుడు కొనండి. దింపుకునే ముందు అచ్చు పుస్తకం ధర అడగండి. అత్తగారుంటే ముందు ఆవిణ్ని అడగండి.