చేతులు ఖాళీ లేవు, ముందటింటికి పో

2017 నవంబరులో హైదరాబాద్ పేదరికం రెండు నెలలు సెలవు పెట్టింది. సెలవు చీటీ మీద సంతకం పోలీసు కమిషనర్‌ది. నవంబరు 8 నుంచి జనవరి 7 దాకా రోడ్డు మీద ఎవరూ చేయి చాపరాదని ఉత్తర్వు. అదే నెలాఖరున ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు, దానికి అమెరికా అధ్యక్షుడి కూతురు ఇవాంకా రాక. ఈ రెండింటికీ సంబంధం ఉందని నేననను, క్యాలెండరు అంటుంది. దొరికినవాళ్లను చర్లపల్లి, చంచల్‌గూడ జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. వాటి పేరు ఆనందాశ్రమం. జైలు గోడ పక్కన ఆనందం దొరుకుతుందని మన పూర్వీకులకు ఎందుకు తట్టలేదో!

డిసెంబరు వచ్చేసరికి జైళ్ల శాఖ ఇంకో అడుగు ముందుకేసింది. అడుక్కునేవాళ్ల ఆచూకీ చెప్తే అయిదు వందలు ఇస్తామంది. లెక్క చూడండి. గుడి ముందు ముసలవ్వకు రూపాయి వేస్తే మన రూపాయి పోతుంది. అదే అవ్వను వేలెత్తి చూపిస్తే 500 వస్తాయి. ఇక జేబులో చేయి పెట్టేవాడు వెర్రివాడు కాక ఇంకేమిటి? ఇండోర్ వాళ్లు దీన్ని ఇంకా మెరుగుపరిచారు. 2025 జనవరి 1 నుంచి అక్కడ అడుక్కోవడమే కాదు, వేయడం కూడా నేరమన్నారు. ఆచూకీ చెప్పినవాళ్లకు వెయ్యి. ఏడేళ్లలో రేటు రెట్టింపయిందన్నమాట. సంగారెడ్డి జిల్లాలోని మా హత్నూరలో రోడ్డు పక్క ఎకరం తరువాత ఇంత నమ్మకంగా పెరిగిన ధర నాకు ఇంకోటి కనబడలేదు. మధ్యలో ఢిల్లీ హైకోర్టు 2018లో అడుక్కోవడం నేరమనే సెక్షన్లను కొట్టేసింది. సుప్రీంకోర్టు 2021లో, ఈ విషయాన్ని కలవారి కళ్లతో చూడలేమంది. కోర్టులు అలాగే అంటాయి. వాటికి విదేశీ అతిథులు రారు కదా.

మా అదృష్టం ఏమంటే 2017 నాటి ఆ ఉత్తర్వు హైదరాబాద్ కమిషనరేట్ హద్దుల వరకే. పటాన్‌చెరు 2007లోనే గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసినా అప్పటికి పోలీసు స్టేషన్ మాత్రం సంగారెడ్డి జిల్లాదే. అందువల్ల ఇవాంకా వెళ్లిపోయేదాకా పటాన్‌చెరులో దర్జాగా అడుక్కోవచ్చు, హత్నూరలో అయితే గంగిరెద్దునే ఆడించుకోవచ్చు. బోర్పట్ల, గుండ్ల మాచునూరు దిక్కు కంపెనీ బస్సులు షిఫ్టు దించి షిఫ్టు ఎక్కించుకునే వేళ రోడ్డు మీద జనం నిండుగా ఉంటారు. జనం ఉన్నచోట సన్నాయి ఉంటుంది, చేయి చాపేవాళ్లూ ఉంటారు.

ఇచ్చేవాళ్లు మాత్రం అంత తేలిగ్గా ఇవ్వరు. ముందు ఇంటర్వ్యూ. ‘ఒళ్లు దుక్కలెక్క ఉన్నది, పని చేసుకోరాదు?’ అన్నది మొదటి ప్రశ్న. ‘ఇస్తే తాగుతవు గదా?’ అన్నది రెండోది, దాన్ని అడిగే ఆయన సాయంత్రం ఎక్కడుంటాడో వాడకంతా తెలుసు. మూడోది ప్రశ్న కాదు, తీర్పు: ‘వీళ్లకు మస్తు బిల్డింగులుంటయ్.’ ఇన్ని అడిగినాక చేతిలో పడేది రెండు రూపాయల బిళ్ల. రెండు రూపాయలకు ఇంత తనిఖీ చేసే జాతికి ఇక ఆడిటర్లెందుకు?

ఇదే రోడ్డు మీద కంపెనీ వస్తే పద్ధతి వేరు. ఆ చాచిన చేతిని మనమే ఎదురెళ్లి పట్టుకుంటాం. భూమి ఇస్తాం. స్టాంపు డ్యూటీ వాపసు ఇస్తాం. కరెంటు యూనిట్‌కు ఇంతని తిరిగి ఇస్తాం. 2014లో వచ్చిన టీఎస్ ఐపాస్ చట్టం కింద భారీ ప్రాజెక్టులకు 15 రోజుల్లో అనుమతులు. దాన్ని ప్రోత్సాహకం అంటారు. ‘ఒళ్లు దుక్కలెక్క ఉన్నది గదా సార్’ అని ఎవరూ అనరు. మర్యాద కాదు. కంపెనీ కూడా మర్యాద తప్పదు సుమా. లాభం ఒక మోతాదు దాటితే అందులో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలని 2013 నాటి చట్టం ఉంది కాబట్టి ఊళ్లో నీళ్ల ప్లాంటు పెట్టిస్తుంది. ప్లాంటు కన్నా దాని మీద బోర్డు పెద్దది. పటాన్‌చెరు పక్కన కంపెనీల మురుగు పారిన నక్కవాగు కథ తెలిసిన పెద్దమనుషులు ఆ బోర్డు చదివి, నీళ్లు తాగి, ఏమీ అనకుండా ఇంటికి వెళ్తారు.

పని చేసుకోరాదా అనే వాళ్లకు ఒక శుభవార్త చెప్పాలి. వాళ్ల సలహాను పద్మశ్రీ స్థాయిలో పాటించిన కళాకారుడు మన రాష్ట్రంలోనే ఉన్నారు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో కేంద్రం పద్మశ్రీ ఇచ్చింది, రాష్ట్రం కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. 2024 మేలో ఆయన హైదరాబాద్ శివారులో ఒక కట్టడం దగ్గర కూలి పని చేస్తూ కనబడ్డారు. నెలనెలా వచ్చే గౌరవ వేతనం ఆగిపోయిందన్నారు. ఫొటోలు చూసి దేశమంతా అయ్యో అంది. ఎందుకో నాకు అర్థం కాలేదు. కిన్నెర పట్టుకుంటే పని చేసుకోమంటిమి, తట్ట పట్టుకుంటే అయ్యో అంటిమి.

గంగిరెద్దుల వాళ్లు మనకన్నా తెలివైనవాళ్లు. మన సాకులన్నీ వాళ్లకు తరాలుగా కంఠతా వచ్చు. ‘చేతులు ఖాళీ లేవు, ముందటింటికి పో’ అన్నదానికి జవాబుగా సన్నాయి ఇంకాస్త గట్టిగా ఊదుతారు. ‘చిల్లర లేదు’ అన్నదానికి చాలాకాలం జవాబు దొరకలేదు. అదీ దొరికింది. బసవన్న నుదుటి మీద క్యూఆర్ కోడ్ వేలాడగట్టారు. 2021 నవంబరులో ఆ వీడియోను సాక్షాత్తు కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ పదిమందికీ పంచి, డిజిటల్ చెల్లింపులు జానపద కళాకారుల దాకా వెళ్లాయని సంబరపడ్డారు. ఆర్థిక మంత్రి మెచ్చుకున్న ఎద్దు ఇంటి ముందు నిలబడితే ‘చిల్లర లేదు’ అని ఎలా అనగలం? అందుకే ఇప్పుడు ‘సర్వర్ డౌన్ ఉన్నదిరా’ అంటున్నాం. జాతి సృజనకు లోటు లేదు.

ఇదే బసవన్న కాలనీ గేటు బయట ఉంటే న్యూసెన్స్. సంక్రాంతి నాడు కమిటీవాళ్లు పిలిచి గేటు లోపల నిలబెడితే సంస్కృతి. మధ్యలో ఉన్నది ఒక ఇనుప కమ్మీ, సెక్యూరిటీ దగ్గర ఒక రిజిస్టరు. లోపలికి వచ్చినప్పుడు పిల్లలు ఎద్దు పక్కన నిలబడి ఇరవై ఫొటోలు దిగుతారు. ‘అమ్మగారికి దండం పెట్టు’ అంటే ఎద్దు తల ఊపుతుంది, అమ్మగారు సెల్ఫీకి తల వంచుతారు. ఎవరు ఎవరికి దండం పెట్టారో ఫొటోలో తెలియదు. ఇచ్చేది శేరు బియ్యం, ఒక పాత చీర. తీసుకునేది పాపకు పెళ్లి, బాబుకు ఉద్యోగం, అత్తగారికి మోకాళ్ల నొప్పులు తగ్గుదల. ఇంత లాభానికి అమ్మే సరుకు ఆదివారం పటాన్‌చెరు అంగడిలో కూడా దొరకదు.

దీవెన విలువ తెలియాలంటే ముంబయి రోడ్డు మీద కంకోల్ టోల్ గేటు దాకా వెళ్లి రావాలి. ఫాస్టాగ్ టక్కున కోసుకుంటుంది. ‘నీ బండి సల్లంగుండ బిడ్డా’ అని ఒక్క మాట లేదు. ఇవతల సిగ్నల్ దగ్గర పది రూపాయలకు నెత్తి మీద చేయి పెట్టి మూడు తరాలను దీవించే హిజ్రాను చూడగానే మాత్రం అద్దాలు ఎత్తేస్తాం.

అద్దాలు లేనివాళ్లే నయం. కంపెనీ బస్సు కోసం నిలబడ్డ కాంట్రాక్టు కూలీలు ఇంటర్వ్యూ చేయరు. బిహార్, ఒడిశా పిల్లలకు మన పిట్టల దొర కోసే కోతలు సగం అర్థం కావు, అయినా నవ్వి పది రూపాయలు తీస్తారు. ఖాకీ చొక్కా, టోపీ, చేతిలో కట్టె తుపాకి పట్టుకుని మొన్న ఒక దొర కంపెనీ గేటు ముందుకొచ్చి సెక్యూరిటీ పిల్లవాణ్ణి నిలదీశాడు.

‘ఏయ్ సిపాయీ, మా తాత చెంబు ఒలికితే పారింది మంజీర. ఈడికెల్లి పటాన్‌చెరు దాకా మా పొలమే. కంపెనీలకు కౌలుకిచ్చినం. పైసలడిగితే బిల్లు పాస్ కాలేదంటున్రు.’

పిల్లవాడిది ఒడిశా. పన్నెండు గంటల డ్యూటీలో తెలుగు నేర్చుకున్నాడు. ‘గేట్ పాస్ ఉన్నదా దొరా?’ అన్నాడు.

‘పాస్ ఏందిరా, రేపటిసంది నువ్వే మా మేనేజర్‌వి. నెలకు లచ్చ జీతం. బంగ్ల, కారు, కారుకు ఏసీ, ఏసీకి ఇంకో ఏసీ.’

పిల్లవాడు చిన్నగా నవ్వాడు.

‘ఎనిమిది గంటలే డ్యూటీ. ఓటీ చేస్తే డబులు. కట్ చేసిన పీఎఫ్ మొత్తం నీ ఖాతాలనే పడుతది.’

అంతే. పక్కన చాయ్ తాగుతున్న నలుగురు కూడా పొలమారేలా నవ్వారు. మంజీర మాట నమ్మారేమో గాని ఇంత పెద్ద కోత ఆ గేటు ముందు ఇంతకు ముందు ఎవరూ కోయలేదు. పిల్లవాడు జేబులో నుంచి పది కాగితం తీసి దొర చేతిలో పెట్టి అన్నాడు:

‘ఆ పీఎఫ్ మాట ఇంకోసారి చెప్పు దొరా.’