తన్నులు తిన్న రాయి

నేనొక చెకుముకి రాయిని. మాది ఇంగ్లండు, అప్పటి కెంట్ ప్రాంతంలో డౌన్ అనే చిన్న ఊరు. సముద్రం అడుగున సుద్దలో, స్పాంజీల ఒంట్లోని సిలికా కరిగి గడ్డకడితే పుట్టాను. వయసు ఏడు కోట్ల ఏళ్ళ పైమాటే. ఇంత బతుకు బతికి చెప్పుకోవడానికి నాకున్నది నలభై ఏళ్ళ లోపు ముచ్చట ఒక్కటే. అదీ ఒకాయన బూటు కాలితో తన్నులు తినడం.

ఆయన ఛార్లెస్ డార్విన్. 1842లో భార్యాపిల్లలతో మా ఊరొచ్చి డౌన్ హౌస్‌లో కాపురం పెట్టాడు. 1846లో పొరుగున ఉన్న లబ్బక్ దొర దగ్గర ఎకరంన్నర నేల కౌలుకు తీసుకుని, చెట్లు నాటించి, చుట్టూ కంకర బాట వేయించాడు. దాని పేరు సాండ్‌వాక్. ఒక పక్క పాత ఓక్ చెట్ల నీడ. ఇంకో పక్క పొట్టి కంచె, దాని మీదుగా చూస్తే ఓ లోయ. అంతకు మించి కొండా లేదు, కోనా లేదు. ఓడెక్కి ఐదేళ్ళు ప్రపంచం చుట్టొచ్చిన మనిషికి ఈ పిసరంత బాట ఏ మూలకి అనుకున్నాను. బతుకంతా సరిపోయింది.

పొద్దుటి రాత ముగించుకుని, వానైనా ఎండైనా పన్నెండింటికి బయటపడేవాడు. ఇవాళ ఇన్ని చుట్లు అని అనుకునేవాడు. బాట పక్కన మేమంతా కుప్పగా ఉండేవాళ్ళం. చుట్టు తిరిగి వచ్చినప్పుడల్లా మాలో ఒకణ్ణి బాట మీదికి తన్నేవాడు. చిలుకూరు బాలాజీ గుడిలో మీవాళ్ళు 108 ప్రదక్షిణలకి కాగితం మీద గళ్ళు కొట్టుకుంటూ తిరుగుతారే, ఇదీ అలాంటిదే. ఎన్నయ్యాయో, ఇంకెన్నున్నాయో ఆ గొడవంతా మా నెత్తిన పడేసి, తన బుర్రని సముద్రపు బార్నకిల్‌లకో, పావురాలకో వదిలేసేవాడు. తన్నినందుకు ఒళ్ళు మండిన మాట నిజమే. కానీ 1859లో జీవజాతుల పుట్టుక మీద ఆయన పుస్తకం అచ్చయ్యేనాటికి పదమూడేళ్ళుగా తన్నులు తింటున్నాం. అందులో మాకూ కాస్త వాటా ఉందనే నా వాదన.

ఆయన రాకను చూడక్కర్లేదు, వింటే తెలిసేది. చేతికర్రకి ఇనప పొన్ను. టక్కు... టక్కు... అని తాళం వేసినట్టు. ఆ తాళం ఆగిందంటే ఏ పిట్టనో చూసి నిలబడ్డాడన్నమాట. ఒకసారి అలా నిలబడిపోతే ఉడత పిల్లలు కాళ్ళ మీదుగా వీపు మీదికి పాకాయట. తల్లి ఉడత చెట్టెక్కి ఒకటే గోలట. ఇంట్లో వాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను. చలికాలంలో తెల్లారకుండా బయల్దేరితే గూటికి మళ్ళే నక్కలు ఎదురయ్యేవని కూడా అనుకునేవారు.

మా చుట్టాల పొలం సంగతి ఒకటుంది. దానికి ఆయన కొడుకులు పెట్టిన పేరు రాళ్ళ చేను. 1841లో ఆఖరిసారి దున్ని పచ్చికకి వదిలేశారు. నిండా చెకుముకి రాళ్ళే, కొన్ని పసిపిల్ల తలలో సగం ఉండేవి. పిల్లలు ఆ వాలులో పరిగెత్తితే గలగలా కొట్టుకునేవి. ఇవి మట్టిలో కప్పబడిపోవడం నా జన్మలో చూస్తానా అని ఆయనకే అనుమానం. ముప్పై ఏళ్ళకి ఆ పచ్చిక మీద గుర్రం ఈ చివర నుంచి ఆ చివరకి దౌడు తీసినా డెక్కకి ఒక్క రాయి తగిలేది కాదు. ఎవరూ ఏరలేదు, ఎవరూ మట్టి తోలలేదు. వానపాములు కిందిమన్ను తిని పైన విసర్జిస్తూ మా వాళ్ళని మెల్లిగా పూడ్చేశాయి. వానపాము పనిని కనిపెట్టాలంటే మనిషికీ దాని అంత నిదానం కావాలి. ఆయనకి ఉండేది. 1881లో వాటి మీద ఓ పుస్తకమే రాశాడు.

అప్పటికి లెక్క మానేశాడు. ఓపికున్నన్ని చుట్లు తిరిగి వెళ్ళిపోయేవాడు. మా కుప్ప వంక చూసేవాడే కాదు. నిజం చెప్పొద్దూ, తన్నులు లేకపోతే ఏమీ తోచేది కాదు. 1882 ఏప్రిల్ 19న పోయాడు.

ఇప్పటికీ ఆ బాట మీద జనం నడుస్తూనే ఉన్నారు. కొందరి ముంజేతికి ఓ పట్టీ, అడుగడుక్కీ దాని వంక ఓ చూపు. మీ తెలుగునాట పిల్లల సైన్సు పత్రికకి చెకుముకి అని నా పేరే పెట్టారని విన్నాను, సంతోషం. ఎప్పుడైనా ఇటు వస్తే నా కోసం బాట మీద మాత్రం వెతక్కండి. పక్కన పచ్చికలో జానెడు లోతున ఉన్నాను. వానపాములు నన్నూ వదల్లేదు.