కప్పు చూసి కొంప కొంటారా?

మిషిగన్‌లోని ట్రాయ్‌లో ఇల్లు అమ్మకానికి పెట్టదలచినవారికి ఏజెంటు చెప్పే మాటల్లో ఎక్కువ భాగం చేదుగానే ఉంటాయి. గోడలకు రంగు వేయించండి, గరాజ్ ఖాళీ చేయండి, తిరగమోత వాసన పోయేదాకా వంటింటి కిటికీలు మూయకండి. ఇవన్నీ అయ్యాక చివర్లో ఒక తీపి మాట వస్తుంది: "డ్రోన్‌తో పైనుంచి కూడా తీయిద్దామండీ." దాంతో అమ్మేవారి ముఖం వెలిగిపోతుంది. పెళ్లి వీడియోల్లో ఊరేగింపునీ, హైదరాబాద్ ఓఆర్ఆర్ పక్కన వెంచర్ ప్రకటనల్లో ప్లాట్లనీ ఆకాశం నుంచి చూసి చూసి ఉన్న కళ్లు కదా. మన కొంపకీ ఆ భోగం పడుతోందంటే ఎవరు వద్దంటారు? అయితే ఈ ఫొటో ఎవరి కోసం తీస్తున్నట్టు అన్న ప్రశ్న మాత్రం ఆ ఆనందంలో ఎవరూ అడగరు. ఇల్లు కొనేవాళ్ల కోసం అని పైకి చెబుతారు. సాక్ష్యం చూస్తే అది అమ్మేవాళ్ల కోసమే తీస్తున్నట్టు తేలుతుంది.

అమెరికా మిడ్‌వెస్ట్‌లో ఇది పాత వ్యాపారమే. గత శతాబ్దం నడిమి దశాబ్దాల్లో చిన్న విమానాల్లో పొలాల మీదుగా ఎగురుతూ ఫొటోలు తీసే కంపెనీలుండేవి. ఎవరూ అడగకముందే తీసేసేవారు. తర్వాత సేల్స్‌మన్ వెళ్లి, ఏ రైతు ఇంటి బొమ్మ తీశారో ఆ రైతు తలుపే తట్టేవాడు. రైతు డబ్బిచ్చి కొని, ఫ్రేము కట్టించి, హాల్లో తగిలించేవాడు. తన పొలాన్ని తనకే అమ్మిపోయారని ఆయన ఏనాడూ నొచ్చుకోలేదు. డ్రోన్ వచ్చి విమానం ఖర్చు తగ్గించింది తప్ప గిరాకీ స్వభావాన్ని మార్చలేదు. 2015 జనవరిలో అరిజోనాలోని టూసాన్‌లో ఒక రియల్ ఎస్టేట్ సంస్థకు డ్రోన్‌తో ఫొటోలు తీసుకునేందుకు అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ప్రత్యేక మినహాయింపు ఇచ్చింది. 2016 ఆగస్టులో పార్ట్ 107 నిబంధనలు అమల్లోకి రావడంతో పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చుకున్న ఎవరైనా 400 అడుగుల లోపు ఎగరేసి సంపాదించుకునే వీలు కలిగింది. (పక్కింటి కుర్రాడి సరదా డ్రోన్‌తో ఉచితంగా కానిచ్చేద్దామనుకునే పొదుపరులకు ఒక మాట: ఇల్లు అమ్మడానికి తీసే ఫొటో సరదా కింద రాదు. ఆ కుర్రాడికీ సర్టిఫికెట్ ఉండాల్సిందే.)

ఇక ట్రాయ్‌ని పైనుంచి చూద్దాం. మైలుకో పెద్ద రోడ్డు, ఆ గళ్ల మధ్య సబ్‌డివిజన్లు, వాటిలో ఒకదాన్ని పోలిన మరొక కప్పు. లాంగ్ లేక్ రోడ్డుంది, స్క్వేర్ లేక్ రోడ్డుంది. ఆ పేర్ల సరస్సులు మాత్రం పడమటి దిక్కున బ్లూమ్‌ఫీల్డ్ వైపు ఉన్నాయి. డ్రోన్ ఎంత వెతికినా ట్రాయ్‌లో దొరకవు. దానికి దొరికేవి వేరే ఉన్నాయి. కింద నిలబడి తీసిన ఫొటోలో నేర్పరి ఫొటోగ్రాఫర్ తెలివిగా దాటేసిన ఐ-75 హైవే, వెనక కరెంటు తీగలు, పక్కింటివారి తుప్పు పట్టిన ట్రాంపొలిన్, ఇవన్నీ పైనుంచి ఒకే ఫ్రేములో కొలువు తీరతాయి. వేసవిలో చెట్లు కప్పును కమ్మేస్తాయి కాబట్టి డబ్బిచ్చి ఆకుల ఫొటో తీయించుకున్నట్టు. చలికాలంలో ఇంకా ప్రమాదం. చుట్టుపక్కల కప్పులన్నీ తెల్లగా ఉండి మన కప్పు మీద మాత్రం మంచు మచ్చలు మచ్చలుగా కరిగి ఉంటే, అటిక్‌లో ఇన్సులేషన్ సరిగా లేక వేడి పైకి పోతోందని తెలిసినవాడు ఇట్టే పసిగడతాడు. ఇక కొనేవారు తెలుగువారైతే డ్రోన్ అచ్చంగా వాస్తు పండితుడి అవతారమే ఎత్తుతుంది. వీధిపోటు ఉందా, ఈశాన్యం తెగిందా అన్నవి గుమ్మం ముందు నిలబడితే అంత సులువుగా తేలవు. రోడ్డు సరిగ్గా గుమ్మానికి ఎదురుగా వచ్చి ఆగిన సంగతి పైనుంచి తీసిన బొమ్మలో పసిపిల్లవాడికైనా తెలుస్తుంది. న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి: కల్-డి-సాక్ చివర ముందు ఇరుగ్గా, వెనక వెడల్పుగా ఉండే స్థలం గోముఖమని చూపించుకోవడానికి డ్రోన్‌ను మించిన సాధనం లేదు.

"అయినా లెక్కలు ఉన్నాయి కదా" అంటారు. నిజమే, ఏజెంట్ల ప్రచారంలో తరచూ కనిపించే లెక్క ఒకటుంది: డ్రోన్ ఫొటోలున్న ఇళ్లు 68 శాతం వేగంగా అమ్ముడవుతాయట. ఏ ఊళ్లో, ఏ ఏట, ఎలాంటి ఇళ్లను దేనితో పోల్చారో ఆ ప్రచారం చెప్పదు. అది నిజమే అనుకుందాం. డ్రోన్ తీయించేది ఎవరు? ఖరీదైన ఇల్లున్నవారు, విశాలమైన స్థలమున్నవారు, ఇంటిని శుభ్రంగా సర్ది, సరైన ధర పెట్టి, చురుకైన ఏజెంటును పెట్టుకున్నవారు. ఆ ఇల్లు డ్రోన్ లేకపోయినా తొందరగానే పోయేది. ఇన్ని గుణాల్లో ఎగిరేదాన్ని ఒక్కదాన్నే పట్టుకుని దానికి దండ వేస్తే ఎలా?

"దూరం నుంచి కొనేవాళ్లకు పనికొస్తుంది" అన్నది కాస్త బలమున్న వాదన. డెట్రాయిట్ కార్ల కంపెనీల్లో ఉద్యోగమొచ్చి టెక్సస్ నుంచో హైదరాబాద్ నుంచో దిగబోయే కుటుంబం ఫోన్లోనే ఇల్లు చూసుకోవాలి మరి. కానీ కప్పు, వీధి, చెరువు వాళ్లకు గూగుల్ మ్యాప్స్‌లో ఉచితంగానే దొరుకుతాయి. వాళ్లకు దొరకనివి గదుల కొలతలతో ఫ్లోర్ ప్లాన్, ఇంట్లో నడుస్తూ తీసిన వీడియో, బేస్‌మెంట్‌లో సంప్ పంప్ వయసు. వాళ్లు మొదట అడిగే ప్రశ్న పిల్లల బడి గురించి. ట్రాయ్ అడ్రసున్న ప్రతి ఇల్లూ ట్రాయ్ స్కూల్ డిస్ట్రిక్ట్‌లోకి రాదు. అంచుల్లోని కొన్ని ఇళ్లు అవొండేల్, బర్మింగ్‌హామ్, వారెన్ కన్సాలిడేటెడ్ వంటి డిస్ట్రిక్టుల కిందికి పోతాయి. ఆ గీతను ఏ కెమెరా చూపించలేదు. పన్ను సంగతీ అంతే. 1994లో మిషిగన్ ఓటర్లు ఆమోదించిన ప్రపోజల్ ఎ ప్రకారం పాత యజమానికి ఏటా పన్ను విలువ పరిమితికి మించి పెరగకుండా ఉన్న కట్టడి, ఇల్లు చేతులు మారిన మరుసటి ఏడాది తొలగిపోయి ఆ పన్ను విలువ మార్కెట్ విలువలో సగానికి చేరుతుంది. పాతికేళ్లుగా ఒకరి దగ్గరే ఉన్న ఇంటిని, ఆయన కట్టే పన్ను చూసి మురిసిపోయి కొన్నవారికి అసలు పన్ను ఆకాశం నుంచి కాదు, సిటీ హాలు నుంచి దర్శనమిస్తుంది.

మరి డ్రోన్ ఎక్కడా పనికిరాదా? స్థలమే సరుకైన చోట పనికొస్తుంది. నిజంగా సరస్సు ఒడ్డున ఉన్న ఇల్లు, ఎకరాల తోట, ఊరి బయట పొలం, చుట్టూ కంచె కనిపించాల్సిన ఓపెన్ ప్లాట్ — అక్కడ నేల మీద నిలబడి తీసిన ఫొటో గుడ్డిదే. పావు ఎకరం సబ్‌డివిజన్ లాట్‌కి అదే వైభవం చేయించడం మన సరదా. ఖర్చు ఎంతని, ఇంటి ధరలో వెయ్యో వంతు కూడా కాదు కదా అంటారు. ఖర్చు చిన్నదే; అందుకే దాని అసలు ప్రయోజనం గురించి ఎవరూ తర్కించరు. 2024 ఆగస్టు నుంచి రియల్టర్ల కమిషన్ నిబంధనలు మారాయి. కొనేవారి ఏజెంటుకు ఎంత ఇవ్వాలన్నది ఎంఎల్ఎస్ (ఏజెంట్ల ఉమ్మడి జాబితా) లిస్టింగులో రాయడం ఆగిపోయింది, ప్రతి శాతానికీ సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తోంది. అలాంటప్పుడు అమ్మేవారి చేతికి కనిపించే సేవ ఏదో ఒకటి అందాలి. గాల్లో గిరగిరా తిరుగుతూ చప్పుడు చేసే సేవను మించి కనిపించేదేముంది?

ఇంకో సంగతి మరిచిపోకూడదు. ఉత్తర మిషిగన్‌లో ట్రావర్స్ సిటీ దగ్గర లాంగ్ లేక్ టౌన్‌షిప్ అని ఉంది. ఒకరి పెరట్లో పాత కార్ల చెత్త పోగవుతోందన్న అనుమానంతో ఆ టౌన్‌షిప్ వారంటు లేకుండా డ్రోన్ పెట్టి ఫొటోలు తీయించింది. కేసు రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అలాంటి సివిల్ వ్యవహారంలో ఆ ఫొటోలను సాక్ష్యంగా పక్కన పెట్టాల్సిన పని లేదని 2024 మేలో తీర్పొచ్చింది. పాపం, ఆ టౌన్‌షిప్ డబ్బిచ్చి డ్రోన్ మనిషిని కుదుర్చుకోవాల్సి వచ్చింది. ట్రాయ్ సిటీ అధికారులకు ఆ ఖర్చు కూడా లేదు. పర్మిట్ లేకుండా కట్టిన డెక్కు, పక్కవారి స్థలంలోకి అడుగు జరిగిన షెడ్డు, రెండూ యజమాని సొంత ఖర్చుతో, మంచి ఎండలో, నాలుగు కోణాల్లో తీయించి లిస్టింగులో తనే పెట్టి ఉంటాడు.