పదిహేడో పేజీ

మా బావగారు గొప్ప చదువరి. ఈ మాట ఆయనే చెబుతుంటారు కాబట్టి మేమెవరం కాదనం. ఇరిగేషన్ శాఖలో ముప్ఫై ఏళ్లు ఇష్టం లేని ఫైళ్లన్నీ చదివి, రిటైరైన రోజున "ఇకమీదట నాకు నచ్చిందే చదువుతా" అని దండలు మెడలో ఉండగానే ప్రకటించారు. కొడుకు పంపిన పదంగుళాల ట్యాబ్ ఒళ్లో పెట్టుకుని, కాకినాడ ఇంటి వరండాలో ఉయ్యాలబల్ల ఎక్కారు. అది మూడు సంక్రాంతుల కిందటి మాట. అప్పట్నుంచీ చదవడానికి తగిన యాప్ వెతుకుతూనే ఉన్నారు.

ఇలాంటివాళ్లు మీ ఇంట్లోనూ ఒకరు ఉండే ఉంటారు. కూర తరగమంటే కత్తి సాన పట్టించడానికి వెళ్లి, సానరాళ్లలో రకాలు తెలుసుకుని మధ్యాహ్నం మూడింటికి ఇల్లు చేరే బాపతు.

చదవడానికి సరుకు లేదా అంటే బోలెడుంది. ఇంటర్నెట్ ఆర్కైవ్ నుంచీ ప్రెస్ అకాడమీ వాళ్ల పాత పత్రికల నుంచీ దించుకున్న పీడీఎఫ్‌లు ట్యాబ్ నిండా ఉన్నాయి. 'భారతి' సంచికలు, వావిళ్ల వారి పుస్తకాలు, గోదావరి ఆనకట్ట మీద ఇంగ్లీషు దొరల రిపోర్టులు. ఆ ధవళేశ్వరం ఆనకట్టని కాటన్ దొర 1847లో మొదలెట్టి 1852కల్లా కట్టేశాడు. మా బావగారికి ఇంకా రెండేళ్లు టైముందని నేనూ సరిపెట్టుకుంటున్నాను.

ఆయన పరీక్షించే పద్ధతి చూసి తీరాలి. యాప్ దిగ్గానే కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ఒకానొక పాత మాసపత్రిక తెరిచి, తిన్నగా పదిహేడో పేజీకి వెళతారు. అన్ని యాప్‌లకూ అదే పేజీ. ప్రశ్నపత్రం మారితే మార్కులు పోల్చడం కుదరదుట. రెండు వేళ్లతో పేజీని సాగదీస్తారు. "అక్షరం విచ్చుకుందా, చెదిరిందా చూడు" అంటారు. నాకు రెండూ ఒకలాగే కనిపిస్తాయి. తరవాత చుట్టూ ఉన్న ఖాళీ అంచులు కత్తిరించడం వచ్చా, రాదా. తరవాత నైట్ మోడ్. ఒక యాప్‌లో అది నొక్కేసరికి కాగితం నల్లబడి, అక్షరాలు తెల్లబడి, పేజీ అడుగున కేశతైలం ప్రకటనలో నిండుగా నవ్వుతున్న ఇల్లాలు కాస్తా తెల్లజుట్టూ నల్లపళ్లతో దెయ్యమైపోయింది. ఆ యాప్ ఆ రాత్రే పోయింది.

ఇంకొకటి మరీ తెలివైనది. స్కాన్ చేసిన పేజీని ముక్కలు చేసి, తెరకి సరిపడా మళ్లీ పేర్చి పెడుతుంది. ఇంగ్లీషుకి బాగానే పేర్చింది. మన పేజీ దగ్గరికొచ్చేసరికి ఒత్తులు వేరే లైనేమో అనుకుని విడిగా కోసి కిందకి దింపింది. పైన అక్షరాలు, వాటి కింద మొలకెత్తిన గింజల్లాగా ఒత్తులు. బావగారు గంటసేపు ఏ ఒత్తు ఎవరిదో కలుపుతూ కూచున్నారు. ఆయన అంత శ్రద్ధగా చదవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

పోనీ ఊరికే ఉంటారా అంటే, చెప్పకుండా ఉండలేరు. మా చిన్నమ్మాయి పెళ్లిలో బంతి మీద నా పక్కన కూర్చుని, పప్పులోకి నెయ్యి వేసేలోపు మొదలుపెట్టారు. "పీడీఎఫ్ అంటే ఏమనుకున్నావోయ్? 1993లో అడోబీ వాళ్లు తెచ్చారు. ఏ మెషీన్లో తెరిచినా పేజీ చెక్కుచెదరకూడదని పుట్టించిందది. అంచేత అది ఇటుక. ఈపబ్ ఉంది చూశావూ, అది నీరు. ఏ చెంబులో పోస్తే ఆ ఆకారం. ఇటుకని పట్టుకెళ్లి చెంబులో పొయ్యమంటే యాప్ మటుకు ఏం చేస్తుంది?" నిజానికి బాగా చెప్పారు. నాకు అందాల్సిన గుమ్మడికాయ పులుసు మాత్రం ఆ ఉపమానం మధ్యలో దాటిపోయింది.

నాపాటికి నేను ట్యాబ్ కొన్ననాడు దాంట్లో ఏదుంటే దాంట్లోనే చదువుకునేవాణ్ణి. కిందటేడు బావగారు నా భుజం మీంచి తొంగి చూసి, "ఛ, దీంట్లోనా చదువుతున్నావు!" అన్నారు. కుళాయి నీళ్లు కాచకుండా తాగేవాణ్ణి చూసినట్టు చూశారు. ఆ సాయంత్రమే నా ట్యాబ్‌లోకి రీడ్‌ఎరా, లిబ్రెరా, కోరీడర్ దిగాయి. ఆ మూడోది అసలు కిండిల్ లాంటి ఇంకు తెరల కోసం పుట్టిందిట, మెనూలోకి వెళితే బయటికి దారి తెలియడానికే నాకు రెండు రోజులు పట్టింది. ఎక్కడిదాకా చదివామో ప్రతి యాప్ తన లెక్క తాను రాసుకుంటుంది. దాంతో ఇప్పుడు నేను ఒకే నవలలో నాలుగు చోట్ల ఉన్నాను. ఒక యాప్‌లో నాయికకి ఇంకా పెళ్లికాలేదు, ఇంకోదాంట్లో మనవలు.

మా అక్క బాధ వేరు. "నన్ను ఐదు నిమిషాలు చూసి సరేనన్నారు మహానుభావుడు. అప్పుడేమైందో ఈ పరిశీలన!" అంటుంది పకోడీల పళ్లెం బల్ల మీద పెడుతూ. బావగారు తలెత్తరు. ఆయన చేతిలో టేపుంటుంది, ఉద్యోగంలో ఉన్నప్పటిది. డెమ్మీ పుస్తకం ఎనిమిదిన్నర అంగుళాల పొడవు, ఐదున్నర వెడల్పు. ట్యాబ్ తెర కొలిస్తే ఇంచుమించు అంతే వచ్చింది. "చూశావా! వెనకటివాళ్లు ఈ తెర కోసమే అచ్చేయించారు" అని మురిసిపోయారు. ఆ క్షణంలో ఆయన మీద నాకు కోపం రాలేదు. ఆ ముఖంలో, ఎక్కడో కాలవ చివరి పొలానికి నీరందిందన్న కబురొచ్చినప్పటి సంతోషం కనిపించింది.

ఈ సంక్రాంతికి వెళ్లినప్పుడు కనుమ రాత్రి ఉండబట్టలేక అడిగాను. ఆ పదిహేడో పేజీ వినీ వినీ నాకూ నోటికొచ్చింది మరి. వాన రాత్రి, వకీలు గుమాస్తా ఇల్లు, ఎవరో తలుపు కొడతారు, గుమాస్తా దీపం పట్టుకుని లేస్తాడు. పేజీ అక్కడితో అయిపోతుంది.

"ఇంతకీ తలుపు కొట్టిందెవరు బావగారూ?"

"ఏ తలుపు?"

"మూడేళ్లుగా కొడుతున్నారు కదా, ఆ తలుపు."

ఆయన కళ్లజోడు కిందకి దింపుకున్నారు. పదహారు నుంచి పదిహేడుకి తిప్పి చూడ్డమే తప్ప, ఆ పేజీ దాటి ముందుకి వెళ్లిన పాపాన పోలేదని ఒప్పుకున్నారు. అక్క కూడా చెయ్యి తుడుచుకుంటూ వచ్చి వెనక నిలబడింది. బావగారు తెర మీద వేలు జరిపారు. మళ్లీ పదిహేడే వచ్చింది. స్కాన్ చేసినాయన ఒకే పేజీ రెండుసార్లు తీసినట్టున్నాడు. ఇంకోసారి జరిపారు. ఇరవయ్యో పేజీ, వేసవిలో శరీర పోషణ గురించి వ్యాసం.

కాసేపు ఎవరం మాట్లాడలేదు. అక్క "నా ఖర్మ" అని లోపలికి వెళ్లిపోయింది.

"ఏమోయ్," అన్నారు బావగారు నెమ్మదిగా, "ఒకే పేజీ రెండుసార్లొస్తే పట్టుకుని తీసేసే యాప్ ఏదన్నా ఉంటుందంటావా?"

"కాస్త జరగండి," అని ఉయ్యాలబల్ల మీద ఆయన పక్కన కూర్చుని నా ట్యాబ్ తీశాను.