బొమ్మకు పుట్టిన దస్తావేజు

మధురవాడలో ఒక ఫ్లాటు. కిటికీ పక్క బల్ల మీద నిలబడ్డ ఏటికొప్పాక లక్కబొమ్మ చెప్పుకుంటున్న కథ ఇది. ‘నేను’ అనడం దానికి రాదు. కర్ర చెట్టుది, పనితనం మరొకరిది, కాబట్టి ‘ఈ బొమ్మ’ అనే అంటుంది.

ఈ బొమ్మ పుట్టింది వరాహ నది ఒడ్డున. అంకుడు కర్ర లేత్ మీద గిర్రున తిరుగుతుంటే లక్క కడ్డీని ఆనించారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి ఒంటికి పట్టింది. మొగలి ఆకుతో రుద్దితే మెరుపొచ్చింది. నడుము దగ్గర, ఎరుపూ పసుపూ కలిసేచోట, వెంట్రుకవాసి వంకర ఒకటి ఉండిపోయింది. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అది ఊరి పేరును కాపాడుతుంది. ఏ బొమ్మ ఎవరి చేతిదో మాత్రం చెప్పదు.

2022లో ఆ ఇంటి అమ్మాయి ఈ బొమ్మను ఫొటోలు తీసి, కంప్యూటర్‌లో కదిలేలా మలిచి, ఎన్‌ఎఫ్‌టీగా అమ్మింది. స్టీల్‌ప్లాంట్‌లో రిటైరైన తాతయ్య అయోమయంగా చూశాడు.

“బొమ్మ ఇక్కడే ఉంది కదమ్మా, మరి నువ్వు అమ్మిందేటి?”

“దస్తావేజు తాతయ్యా.”

ఇంతకన్నా సూటైన జవాబు లేదు. బ్లాక్‌చెయిన్ అంటే వేల కంప్యూటర్లు ఒకేలా దాచుకునే చిట్టా. ఎన్‌ఎఫ్‌టీ అంటే అందులో ఒక పద్దు: ఫలానా నంబరు టోకెన్ ఫలానా డిజిటల్ వాలెట్‌ది. చిత్రం సాధారణంగా వేరేచోట ఉంటుంది; టోకెన్ దాని జాడ చెబుతుంది. చిత్రాన్ని ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, పద్దు మాత్రం ఒక్కరి పేరునే ఉంటుంది. టోకెన్‌తోపాటు కాపీరైట్ చేతులు మారదు. మన చట్టం ప్రకారం దానికి విడిగా రాతపూర్వక ఒప్పందం ఉండాలి.

2021 మార్చిలో డిజిటల్ కళాకారుడు బీపుల్ చేసిన 5,000 చిత్రాల కూర్పు ఎన్‌ఎఫ్‌టీగా క్రిస్టీస్ వేలంలో 6.93 కోట్ల డాలర్లు పలికింది. కొన్నది తమిళనాడు నుంచి వెళ్లిన విఘ్నేశ్ సుందరేశన్. ఆయనకూ కాపీరైట్ రాలేదు. అదే నెల ట్విటర్ సహవ్యవస్థాపకుడు జాక్ డోర్సీ మొదటి ట్వీట్ టోకెన్‌ను ఒకరు 29 లక్షల డాలర్లకు కొన్నారు. ఏడాది తర్వాత మళ్లీ వేలానికి పెడితే, గడువు ముగిసేసరికి 300 డాలర్లు కూడా పలకలేదు. 2022లోనే మన దేశంలో ఇలాంటి ఆస్తుల లాభం మీద 30 శాతం పన్ను, అమ్మకం మీద 1 శాతం టీడీఎస్ మొదలయ్యాయి.

ఈ లెక్కలన్నీ విని తాతయ్య ఒక్కటే అడిగాడు.

“మరి దీన్ని చేసినోడి పేరేదమ్మా అందులో?”

లేదు. సృష్టికర్త అన్నచోట అమ్మాయి వాలెట్ ఉంది. ఎక్కిన పద్దును చెరిపి రాయడం కుదరదు. ఆ రాత్రి ఆమె ఈ బొమ్మను చేతిలో తిప్పుతూ చాలాసేపు కూర్చుంది.

ఆదివారం ముగ్గురూ ఏటికొప్పాక వెళ్లారు: తాతయ్య, మనవరాలు, ఆమె సంచిలో ఈ బొమ్మ. నాలుగు ఇళ్లు అడిగాక ఒకాయన దీన్ని అందుకుని, నడుము మీది వంకరను బొటనవేలితో తడిమాడు.

“ఇది నాదేనమ్మా. లక్క పడతా ఉంటే కరెంటు పోయింది.”

తర్వాతి చిత్రానికి ఆయన పేరు ముందు ఉండేలా, వచ్చినదాంట్లో వాటా ఆయనకు అందేలా అమ్మాయి ఒప్పందం రాసింది. ప్రతి మారుబేరంలో కళాకారుడికి రాయల్టీ అన్న మాటను నమ్ముకోలేదు. నిజంగానే 2023లో ఎన్‌ఎఫ్‌టీల అంగడి ఓపెన్‌సీ ఆ రాయల్టీని అమ్మేవాళ్ల ఇష్టానికే వదిలేసింది. ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఫ్యాను గాలికి కాగితం ఎగరకుండా దాని మీద ఈ బొమ్మనే నిలబెట్టారు.