అచ్చం మా బావే!

త్రిపురనేని గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ వచ్చింది 1947లో. వంశప్రతిష్ఠను నెత్తిన మోస్తూ ఆస్తి కరగబెట్టి, ఆ కసి ఇంట్లోవాళ్ల మీద తీర్చుకునే సీతారామారావు కథ. అది నవ్వుకోవాల్సిన నవలా, ఏడవాల్సిన నవలా అన్నది ఇప్పటికీ తేలలేదు. తనకల్లులో తేలుతుందనుకోవడమూ అత్యాశే.

అక్కడ కదిరి–మదనపల్లె రోడ్డు పక్కన టీ బంకు కాడ ఈ నవల మీద రెండు పార్టీలు లేచాయనుకోండి. “ఇంత నస యాడా చూడలేదబ్బా! వాని తలకాయలో గొణుగుడు మనకెందుకు?” అని ఒకటి. “పడీ పడీ నవ్వినా, అచ్చం మా బావే!” అని ఇంకొకటి. బావ, చిన్నాయన, తోడల్లుడు... అందరికీ ఎవరో ఒకరు గుర్తొస్తారు. అద్దంలో కనబడేవాడు తప్ప. వానల్లేక శెనక్కాయ నిలువునా ఎండిన ఏడే అప్పు తెచ్చి, కూతురి పెండ్లికి ఊరంతటికీ భోజనాలు పెట్టిన పెద్దమనిషి ఉంటాడు చూడండి, “సీతారామారావుకు బొత్తిగా లెక్క తెలీదప్పా” అని తీర్పు చెప్పేది ఆయనే.

గోపీచంద్ ఈ పుస్తకాన్ని, ‘ఎందుకు’ అని అడగడం నేర్పిన తండ్రి రామస్వామికి అంకితమిచ్చాడు. (మన ఇండ్లలో నాయనను ఆ మాట అడిగితే చెంప పగులుతుంది, అది వేరే సంగతి.)

ఇంతకీ సీతారామారావు పెండ్లాం ఇందిర పక్షాన మాట్లాడేదెవరు అంటే, రెండు పార్టీలూ టీ గ్లాసులు కింద పెట్టి లేచాయి. పోతూ పోతూ ఒక మామ కాపీ అడిగి తీసుకున్నాడు, అల్లునికి ఇయ్యాలంట. అల్లుడు నిన్ననే ఒకటి కొన్నాడు, మామకు.